కానుగ నీడలో నేలతాడి: పాలమూరు పెరటి ప్రాజెక్టు డైరీ

ఎండాకాలం, పని మొదలుకాకముందు

మా ఇల్లు మహబూబ్‌నగర్ టౌన్‌లో. వెనక పెరట్లో ప్రహరీ గోడ పక్కన పాత కానుగ చెట్టు ఉంది. దాని కింద మందారం మొగ్గ తొడగదు, బంతి సన్నగా సాగి వాలిపోతుంది. ఇలాంటి చోటు ఉంటే మా వాడలో తాండూరు బండలు పరిపించి చేతులు దులుపుకుంటారు. ఇంట్లో కూడా ఆ మాట వచ్చింది. నేను ఒప్పుకోలేదు.

అచ్చంపేట దాటి మన్ననూరు వైపు వానాకాలంలో వెళ్ళిన వాళ్ళు గమనించే ఉంటారు. నల్లమలలో టేకు కింద, నల్లమద్ది కింద నేల ఖాళీగా ఉండదు. తొలకరి పడగానే గడ్డజాతి మొక్కలు పైకి లేస్తాయి, పూస్తాయి, కాస్తాయి, దసరా దీపావళి దాటాక మళ్ళీ మట్టిలోకి వెళ్ళిపోతాయి. ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది. ఆ కొద్ది వానను, ఆ నీడను నమ్ముకుని బతకడం తెలిసిన మొక్కలు మన దగ్గరే ఉన్నాయి. ఎక్కడి నుంచో తెచ్చిన ఇండోర్ మొక్కలకు రోజూ నీళ్ళు పోస్తూ కాపాడుకోవడం కన్నా ఇదే సరైన దారి అని నా నమ్మకం.

నేను ఎంచుకున్నది నేలతాడి. శాస్త్రీయ నామం కర్కులిగో ఆర్కియాయిడిస్. ఆయుర్వేదంలో తాళమూలి అంటారు, మూలికలు అమ్మేవాళ్ళు నల్ల ముస్లీ అంటారు. ఆకులు మడతలు పడి, తాటి మొలక లాగే ఉంటాయి. పువ్వు పసుపు. దుంప భూమిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మందు కోసం ఆకు కోసుకుంటే మొక్క బతుకుతుంది, కానీ దీనిలో మందు అంతా దుంపే. తవ్వితే మొక్కే పోతుంది. అందుకే దేశంలో చాలా అడవుల్లో పలచబడిపోయింది. ఇంటి నీడలో పెంచడం నేర్చుకోవాలన్న పట్టుదల నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఒక నియమం ముందే పెట్టుకున్నాను: అడవిలోంచి ఒక్క గడ్డ కూడా తేను. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో మొక్క పీకినా, తవ్వినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా తేను.

నీడ లెక్క

మొక్క సంగతి తర్వాత, ముందు నీడ సంగతి తేల్చుకోవాలి. నేను చేసింది చాలా సులువు. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి నీడ అంచు ఎక్కడుందో ముగ్గుపిండితో గీత గీశాను. మూడు గీతలూ కలిపి చూస్తే పెరడు మొత్తం అర్థమైపోయింది. మూడు పూటలా నీడలోనే ఉండే చోటు గోడ వైపు. పొద్దున ఏటవాలు ఎండ తగిలి, మధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మాత్రమే పడే చోటు తూర్పు వైపు. నేలతాడికి ఈ రెండోదే కావాలి. కటిక నీడలో ఆకులు వస్తాయి కానీ పూలు తగ్గుతాయి.

ఇందులో ఒక కిటుకు ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన పాలమూరులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరులో బాగా దక్షిణానికి దిగిపోతాడు. చలికాలంలో గీసిన నీడ గీత వానాకాలపు మొక్కకు పనికిరాదు. మే చివర్లో గీసుకోవాలి.

రోహిణి కార్తె: మడి తయారీ

నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మడి. మాది ఎర్ర చెల్క మట్టి, మూరెడు తవ్వితే మొరం. కానుగ లావు వేర్లు అడ్డం వచ్చిన చోట వాటిని నరకలేదు. నేలతాడి మొక్కకు పెద్ద జాగా అక్కరలేదు, వేరుకూ వేరుకూ మధ్యలో ఖాళీ చాలు. చెట్టును గాయపరిచి దాని నీడలో తోట వేయడం నాకు ఇష్టం లేదు.

పాత మట్టిలో మాగిన పశువుల ఎరువు, దొడ్డు ఇసుక, కుళ్ళిన కానుగ ఆకు కలిపాను. కానుగ పప్పుజాతి చెట్టు కాబట్టి ఆకులో నత్రజని ఎక్కువ. ఈ రోజుల్లో పూలు కూడా విపరీతంగా రాలి నేలంతా పరుచుకుంటాయి. పక్కింటివాళ్ళు రోజూ ఊడ్చి తగలబెట్టేవారు. "వదినా, కాల్చకు, మా గోడ మీద నుంచి అవతలికి పొయ్యి" అని అడిగాను. ఇప్పుడు రోజుకో గంప వస్తోంది.

మడిని జానెడు ఎత్తు లేపి, చుట్టూ పలుగు రాళ్ళు పేర్చాను. ఎత్తు ఎందుకంటే ఈ దుంపకు నీళ్ళు నిలిస్తే గిట్టదు. రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి చూశాను. ముప్పావు గంటలోపే ఇంకిపోయాయి. చాలు.

ఇంకో సంగతి నీళ్ళది. మా బోరు నీళ్ళు పోస్తే కుండీల అంచున తెల్లగా ఉప్పు కడుతుంది. అడవి మొక్కకు ఆ నీళ్ళు మానుకోవాలని పైకప్పు గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టించాం.

మిరుగు (మృగశిర కార్తె): కొల్లాపూర్ ప్రయాణం

మా మేనమామకు కొల్లాపూర్ దగ్గర మామిడి తోట ఉంది. తోట గట్ల మీద, పాత చెట్ల నీడన, నేలతాడి తనంతట తానే మొలుస్తుంది. ఈసారి గట్లు చదును చేయించి దారి వేయిస్తున్నాడు. జేసీబీ వచ్చేలోపు ఆ మొక్కలను తీసుకురావాలి. అయితే ఎండాకాలంలో నేల మీద ఏమీ కనిపించదు, తవ్వాలన్నా ఎక్కడ తవ్వాలో తెలియదు. మిరుగు ముందు పడ్డ రెండు మంచి వానలకు వేలెడంత ఆకులు లేచాయి. అప్పుడు వెళ్ళాను.

"ఇదేం జేసుకుంటవ్ బిడ్డా, ఉత్త గడ్డి గదా" అన్నాడు మామ.

తోట కాపలా తాత మాత్రం నవ్వాడు. ఆయనది అమ్రాబాద్ వైపు చెంచుపెంట, అంటే చెంచుల గూడెం. "గడ్డి గాదు దొరా, దీని దుంప ఇంతుంటది" అని ముంజేయి చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి, "తవ్వుకున్నా తల మాత్రం భూమిలనే పెట్టాలె తల్లీ. తల ఉంటే మళ్ళొస్తది" అన్నాడు. మొలక కన్ను దుంప పైకొనలో ఉంటుంది. ఆ కొన ముక్కతోనే కొత్త మొక్క వస్తుంది. అడవుల్లో తవ్వినవాళ్ళంతా తల తిరిగి పాతి ఉంటే ఈ మొక్కకు ఈ గతి పట్టేది కాదు.

దుంప నిటారుగా కిందికి దిగుతుంది. పైనుంచి గడ్డపార వేస్తే నడుమకు తెగుతుంది. అందుకని ఒక పక్క లోతుగా గుంట తీసి, మట్టిని చేత్తో రాల్చుకుంటూ దగ్గరికి వెళ్ళాం. తాత చేతులకు ఆ పని అలవాటు. ఒక్కటీ విరగలేదు. పైకి తీశాక చూస్తే చిటికెన వేలంత లావు, జానెడుకు మించిన పొడవు, పైన నల్లగోధుమ రంగు తొక్క, ఒంటినిండా పాత ఆకుల గుర్తులు వలయాల్లా. పక్కలకు కండగల వేర్లు. తొక్క గీరితే లోపల తెల్లగా ఉంటుంది, జిగురు వేలికి అంటి సాగుతుంది. నాలుక మీద పెట్టుకుంటే కాస్త చేదు.

గట్టు మీద ఉన్నవన్నీ తీసుకురాలేదు. జేసీబీ వెళ్ళని పడమటి గట్టు వైపు కొన్నింటిని అక్కడే మార్చి పాతాం. నా వంతు మొక్కలను మోదుగ ఆకుల్లో చుట్టి, తడి గోనె సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మర్నాడు నాటాను. దుంప కోయకుండా ఉంచిన మొక్కలను అంటిన మట్టితోనే దించి, ఆకుల మొదలు నేల మట్టానికి సరిగ్గా వచ్చేలా సర్దాను. తవ్వకంలో పొడవుగా వచ్చిన కొన్ని దుంపలను కోశాను. పైకొన ముక్కలు రెండు సెంటీమీటర్లంత ఉన్నా చాలు. నడిమి ముక్కలను కూడా పారేయకుండా వేరే ట్రేలో ప్రయోగానికి పెట్టాను. కోసిన చోట కట్టెల బూడిద అద్ది, ఒక రాత్రి నీడలో ఆరబెట్టాకే నాటాను. మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం. సాగు చేసేవాళ్ళు ఇంకా దగ్గరగా పెడతారు, వాళ్ళకు దుంప దిగుబడి కావాలి. నాకు ఆకులు వంగి నేలను తాకేంత చోటు కావాలి. అది ఎందుకో హస్త కార్తెలో రాశాను.

ఆరుద్ర: పువ్వు

దుంప కోయని మొక్కలు నాటిన వారం పది రోజుల్లోనే పూత మొదలుపెట్టాయి!

ఈ పువ్వును నిలబడి చూస్తే లాభం లేదు. మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఆరు రేకుల పసుపు నక్షత్రం, అంగుళం కంటే కొంచెం వెడల్పు. బయటి మూడు రేకుల వెనక పచ్చటి ఛాయ, సన్నటి నూగు. మధ్యలో ఆరు కేసరాలు. కింద కాడ కోసం వెతికితే ఆకుల మొదట్లోకి దిగిపోయిన సన్నటి తొడిమ లాంటిది కనిపిస్తుంది. నిజానికి అది అండాశయం నుంచి పైకి సాగిన మెడ. అండాశయం మట్టి లోపలే ఉంటుంది. అంటే పువ్వు మాత్రమే వెలుతురులోకి వస్తుంది, కాయ మట్టిలోనే కడుతుంది. పశువు మేసినా, ఎవరో తొక్కినా విత్తనం భద్రం.

పొద్దున విప్పారిన పువ్వు సాయంత్రానికి వాడిపోయింది. మర్నాడు అదే మొక్కలో పక్కన ఇంకోటి. ఎనిమిదిన్నర ప్రాంతంలో చిన్నజాతి తేనెటీగ ఒకటి వాలి, కేసరాల మీద గిరగిర తిరిగి, వెనక కాళ్ళకు పసుపు ముద్దలు కట్టుకుని వెళ్ళింది. మా పెరట్లో ఈ చెట్టు కింద తేనెటీగను చూడటం నాకు ఇదే మొదలు. పిల్లలను పిలిచి చూపించాను. పెద్దవాడు ఫోన్‌లో వీడియో తీశాడు.

ఇదే కార్తెలో కలుపు టెన్షన్ కూడా. తుంగ, గడ్డి, ఈత మొలకలు అన్నీ ఒకేసారి లేచాయి, దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. పెరడు శుభ్రం చేయడానికి వచ్చే ఆమెకు కూర్చోబెట్టి తేడాలు చూపించాను. తుంగ కాడ వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి. ఈత మొలక ఆకు గట్టిగా, కొన గుచ్చుకునేలా ఉంటుంది. నేలతాడి ఆకు మెత్తన, పొడవునా మడతలు, వేలు పెడితే సన్నటి నూగు తెలుస్తుంది. ఆమె రెండో రోజుకే నాకంటే వేగంగా గుర్తుపట్టింది. అయినా ప్రతి మొక్క పక్కన ఒక చిన్న పలుగు రాయి పెట్టాం. ఆ రాళ్ళ అవసరం చలికాలంలో బాగా తెలిసింది.

పునర్వసు, పుష్యమి

విశేషం లేదు. వానలు బాగున్నాయి, పైకొన ముక్కలు ఒక్కొక్కటే ఆకు విప్పుతున్నాయి.

ఆశ్లేష, మఖ, పుబ్బ

పక్కింటి కోళ్ళు ఆకు పొర రుచి మరిగాయి. కుళ్ళిన ఆకుల కింద పురుగులు ఉంటాయి, వాటి కోసం మడంతా గీరి పెడుతున్నాయి. కోళ్ళది తప్పు కాదు, అంత మంచి మేత టౌన్‌లో ఎక్కడ దొరుకుతుంది. తుమ్మ కంప తెచ్చి మడి మీద పలచగా పరిచాం. మొక్క కంప సందుల్లోంచి హాయిగా పెరుగుతుంది, కోడి మాత్రం కాలు పెట్టదు.

పందికొక్కుది అసలు బాధ. ఒక రాత్రి గోడ మూల నుంచి బొక్క చేసి రెండు దుంపలు కొరికేసింది. మడి కింద జాలీ పరవాలంటే అన్నీ పీకాలి. అందుకని గోడ వైపు మాత్రం అడుగున్నర లోతు కాలువ తీసి, ఇనుప జాలీ నిలువుగా దించి, కంకర రాళ్ళతో పూడ్చాం. మళ్ళీ రాలేదు.

మఖలో వాన ముఖం చాటేసింది. ఆకుల కొసలు ముడుచుకోగానే డ్రమ్ములోని వాననీళ్ళు రోజు విడిచి రోజు పోశాను, అది కూడా సాయంత్రం పూట, మొదలుకు కొద్ది దూరంలో. ఈ ఎండలోనే నడిమి ముక్కల ట్రేలో తొలి మొలకలు కనిపించాయి. అత్తమ్మ చూసి, "మఖల పుట్టి పుబ్బల పోతయేమో సూడు" అన్నారు. పోలేదు. కానీ సగానికి పైగా ముక్కలు మొలవనే లేదు. పైకొన ముక్కలతో పోలిస్తే చాలా వెనకబాటు. చెంచు తాత మాట మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

హస్త: మట్టిలోని కాయ, ఆకు కొసన మొక్క

కాయ ఎక్కడుందో తెలియాలంటే వేలితో ఆకుల మొదట మట్టిని పక్కకు జరపాలి. తెల్లటి మెత్తటి కాయ తగిలింది. నొక్కితే విచ్చుకుంది. లోపల మూడు గింజలు, నల్లగా నిగనిగలాడుతూ, ఒక చివర చిన్న కొక్కెం. భూతద్దం పెట్టి చూస్తే గింజ మీద అలలు అలలుగా గీతలు. వాటిని ఆరబెట్టకుండా అప్పుడే ఆకు ఎరువు, ఇసుక కలిపిన ట్రేలో వేశాను. ఈ గింజలు నిద్ర ఎక్కువ తీసుకుంటాయి, మొలక శాతం తక్కువ. ట్రే మీద తేదీ రాసి గోడ నీడకు పెట్టాను.

జానెడు ఎడం పెట్టింది ఎందుకంటే, ఈ మొక్క ఆకు పొడవుగా సాగి వంగి, కొస మట్టిని తాకితే అక్కడ వేరు పట్టగలదు. పొద్దున తూర్పు అంచున ఉన్న మొక్క ఆకు ఒకటి లాగి చూస్తే రాలేదు. కొస దగ్గర ఉబ్బి, తెల్లటి వేర్లు మూడు నాలుగు మట్టిలోకి దిగాయి, పైన గోరంత పచ్చటి మొలక. తల్లి ఆకు ఇంకా పచ్చగానే ఉంది, పిల్లకు పాలు పడుతున్నట్టు. వెంటనే మిగతా మొక్కల్లో పొడవాటి ఆకులను ఎంచి, కొసలను తడి ఆకు ఎరువులోకి వంచి, చిన్న రాళ్ళు బరువు పెట్టాను. దుంపను ముట్టుకోకుండా మొక్కలను పెంచే దారి ఇది. దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు, చెప్పాల్సిన విషయం.

స్వాతి తర్వాత: నిద్ర

దీపావళి వెళ్ళాక ఆకులు అంచుల నుంచి పసుపెక్కాయి. నెల తిరిగేసరికి మడి మీద రాళ్ళు తప్ప ఏమీ లేవు.

నీడ తోట వేయాలనుకునే మన ప్రాంతం వాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇక్కడే. ఈ మొక్క చావలేదు. నీళ్ళు ఆపేయాలి. పూర్తిగా. ఆకు ఎండిపోయింది కదా అని జాలిపడి పోసే చెంబెడు నీళ్ళే దుంపను కుళ్ళబెడతాయి. నల్లమలలో డిసెంబరు నుంచి మే దాకా ఈ దుంపలకు ఎవరు నీళ్ళు పోస్తున్నారు? ఏడాదంతా పచ్చగా కనిపించాలనే ఆశ పెట్టుకుంటే ఈ నేలకు ఈ మొక్కలు దక్కవు. ఆరు నెలలు ఖాళీగా కనిపించే నేలను ఓపికగా ఉండనివ్వాలి.

ఇంట్లో ఓపిక కష్టమైంది. "అంత మంచి మడి ఎండబెట్టుడెందుకు, కొత్తిమీర చల్లుకుందాం" అన్నారు అత్తమ్మ. ఆమెది న్యాయమైన మాటే. "అత్తమ్మా, కొత్తిమీరకు రోజూ తడి కావాలె, కింద దుంపలు మురుగుతయ్" అని చెప్పి, దక్షిణం గోడ పక్కన ఎండ తగిలే చోట ఆమెకు వేరే మడి చేసిచ్చాను. సంక్రాంతికల్లా అందులో కొత్తిమీర, మెంతికూర వచ్చాయి. నేలతాడి మడి జోలికి ఎవరూ పోలేదు. ఏ రాయి కింద ఏముందో నోట్‌బుక్‌లో పటం గీసుకున్నాను.

ఎండుటాకుల పొర మందంగా ఉంటే మన ఎర్ర నేలల్లో చెదలు రాకుండా ఉండవు. పాలమూరులో చెదల సంగతి అందరికీ తెలుసు. 2018లో మన పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు పాడవుతుంటే సెలైన్ సీసాలతో చెట్టుకు మందు ఎక్కించారు. అది వందల ఏళ్ళ మహావృక్షం, ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి చేయాల్సిందే. నా మడికి మందు అక్కరలేదు. ఆకు పొరను రెండంగుళాలకు తగ్గించి, కానుగ మొదలుకు మూరెడు దూరం జరిపి, వేప పిండి చల్లాను. కొన్ని చెదలు ఉంటాయి, ఎండుటాకును మట్టి చేసే పనిలో అవీ ఉన్నాయి.

ఏప్రిల్‌లో గాలివాన ఒకటి పడింది. రెండు రాళ్ళ పక్కన పచ్చటి మొన కనిపించి, ఎండకు అక్కడే ఆగిపోయింది. నీళ్ళు పోయలేదు.

రెండో ఏడు మిరుగు

లేచాయి! దుంప కోయకుండా నాటిన మొక్కలు పందికొక్కు తిన్నవి పోను దాదాపు అన్నీ, పైకొన ముక్కలు సగానికి చాలా పైగా. నడిమి ముక్కల్లో నాలుగో ఐదో. ఆకు కొసల పిల్లలు రెండాకులతో, ఈత మొలకంత కూడా లేవు కానీ వాటి సొంత వేర్ల మీద నిలబడ్డాయి. పోయినేడు ఆకులకే పరిమితమైన పైకొన ముక్కల్లో కొన్నింటికి ఈసారి మొగ్గ కనిపిస్తోంది. గింజల ట్రేలో ఇంకా ఏమీ లేదు. దాన్ని తడి ఆరకుండా ఈ వానాకాలం అంతా ఉంచుతాను.

ఈ ఏడు పని గోడ వైపు కటిక నీడ సంగతి. ముందు అడవి నాభి అనుకున్నాను, ఎర్రా పసుపూ కలిసిన దాని పువ్వంటే నాకు ప్రాణం. కానీ దానికి వెలుతురు ఎక్కువ కావాలి, పైగా దుంపతో సహా మొక్కంతా విషం. చిన్నది ఇంకా చేతికందింది నోట్లో పెట్టుకునే వయసులో ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను. చెంగల్వ కోష్టు పెడుతున్నాను. అల్లానికి దగ్గరి బంధువు, నీడను ఓర్చుకుంటుంది, ఆకులు కాండం చుట్టూ మెలితిరిగి పైకెక్కుతాయి, తెల్లటి పెద్ద పువ్వు. తేమ ఎక్కువ కావాలి కాబట్టి డ్రమ్ము పొర్లిన నీళ్ళు పారే మూలకే దాన్ని ఇస్తున్నాను, నేలతాడి మడికి ఆ తడి తగలకుండా మధ్యలో ఒక అడుగు కంకర కాలువతో. కాలువ తవ్వడం ఆదివారం.